అవయవ మార్పిడి తర్వాత వచ్చే ట్యూమర్లు, టీ సెల్ థెరపీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: దాతకు ఉన్న క్యాన్సరే అంటుకుంది.

ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ఇదే. దాదాపు ఎప్పుడూ కారణం అది కాదు. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఒంట్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ) ఉంటుంది, బి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల్లో దాక్కుని. దాన్ని అదుపులో పెట్టేది టీ సెల్స్, అంటే రోగాలతో పోరాడే ఇంకో రకం తెల్ల రక్తకణాలు. కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకూడదని టాక్రోలిమస్ లాంటి మందులు ఇస్తాం కదా, అవి ఆ టీ సెల్స్‌నే అణచిపెడతాయి, దాంతో వైరస్ ఉన్న బి కణాలు పెరిగిపోయి గడ్డలు కడతాయి. దీన్నే పీటీఎల్‌డీ (పోస్ట్ ట్రాన్స్‌ప్లాంట్ లింఫోప్రొలిఫరేటివ్ డిజార్డర్) అంటాం. ఈ వైరస్ ఎప్పుడూ సోకని పిల్లలకు, వైరస్ ఉన్న దాత అవయవం పెడితే రిస్క్ మరీ ఎక్కువ.

అపోహ: టీ సెల్స్ ఎక్కిస్తే కొత్త కిడ్నీని తినేస్తాయి.

ఈ భయం నాకు అర్థమవుతుంది, ఇన్నాళ్లూ టీ సెల్స్‌నే శత్రువులని చెప్పింది మేమే మరి. కానీ ఇక్కడ ఎక్కించేవి ఏవో టీ సెల్స్ కావు. ఆరోగ్యవంతుడైన దాత రక్తం నుంచి, ఈబీవీని గుర్తుపట్టేవాటిని మాత్రమే ల్యాబ్‌లో పెంచుతారు. అవి వెతికేది వైరస్ ముక్కల్ని, కిడ్నీని కాదు. రిజెక్షన్ (అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టడం) రిస్క్ తక్కువే, అయినా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తూనే ఉంటాం. గడ్డకట్టించి దాచిన ఈ కణాల చిన్న సీసాను కరిగించి, సిరలోకి ఐదు పది నిమిషాల్లో ఇచ్చేస్తే, "అంతేనా డాక్టర్ గారూ?" అని ఆశ్చర్యపోతారు.

అపోహ: ఇదీ కార్-టీ లాంటిదే, తయారయ్యేదాకా వారాలు ఆగాలి.

కాదు. కార్-టీలో రోగి సొంత టీ సెల్స్ తీసి, జన్యువులు మార్చి తిరిగి ఎక్కిస్తారు. ఈ ఈబీవీ టీ సెల్ చికిత్సల్లో చాలావాటిలో జన్యువులు మార్చరు, రోగి కణాలు తీయరు. హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే గుర్తింపు ప్రొటీన్లు) రోగితో కొంత కలిసిన కణాలు బ్యాంకులో సిద్ధంగా ఉంటాయి. ఎడిన్‌బరో బృందం 2007లో ప్రచురించిన ట్రయల్‌లో, మామూలు చికిత్సకు లొంగని 33 మందిలో ఆరు నెలలకు 52 శాతం మందిలో గుణం కనిపించింది. యూరప్‌లో 2022 డిసెంబరులో ఇలాంటి టీ సెల్ చికిత్స అయిన టాబెలెక్ల్యూసెల్‌కు అనుమతి వచ్చింది.

అపోహ: గడ్డ కనపడగానే ఇదే ఇవ్వాలి.

ముందు బయాప్సీలో (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) ఈబీవీ ఉందని తేలాలి, లేకపోతే ఈ కణాలకు పని లేదు. తర్వాత ఇమ్యూనిటీ తగ్గించే మందుల డోసు తగ్గించడం, బి కణాలను చంపే రిటుక్సిమాబ్ మందు ఇవ్వడం. అవి పనిచేయకపోతేనే ఇది. డోసు తగ్గించడం అనే మాట విని ఇంట్లో తమంతట తామే మాత్రలు మానేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, అవయవం పోతుంది. తగ్గని జ్వరం, మెడలో గడ్డ, బరువు తగ్గడం, వీటిలో ఏది కనపడినా అదే రోజు మీ ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు ఫోన్ చేయండి.