కాంట్రా క్యాసెట్ ఎందుకు దొరకలేదంటే

తిరుపతి, ఆదివారం

చిన్నా, పాపా,

వేసవి సెలవుల్లో మనం ముగ్గురం గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు అంతా తిరిగాం. కనిపించిన ప్రతి టీవీ రిపేరు షాపులో కాంట్రా క్యాసెట్, అదే టీవీకి తగిలించి ఆడే పాత వీడియో గేమ్‌ది, ఉందా అని అడిగాం. ఒక్కటీ దొరకలేదు. ఇంటికొచ్చాక పాప అడిగింది, "పెదనాయనా, అందరిండ్లల్లో ఉండేదన్నావు కదా, మరి ఒక్కటి కూడా లేదేం?" అని. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ మధ్య ఒక సంగతి జరిగింది, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

అందరిండ్లల్లో ఉండేది కాబట్టే దొరకడం లేదమ్మా. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు చూడు, అట్లా. ఎక్కడ చూసినా ఉండే వస్తువును దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? మా నాయన ఒకసారి మద్రాసుకు పోయినప్పుడు బర్మా బజార్‌లో టీవీ గేమ్ కొనుక్కొచ్చాడు. అప్పటికి అది ఇంకా చెన్నై కాలేదు. దాంతో పాటు నాలుగు క్యాసెట్లు. నేనూ మీ నాన్నా వాటిని ఎండాకాలమంతా అరగదీశాం. తర్వాత నేను కాలేజీలో చేరాను, మిషన్ అటకెక్కింది. ఇల్లు మారేటప్పుడు మీ అవ్వ ఆ సంచినంతా పాత ప్లాస్టిక్ కొనే అతనికి వేసి ఎర్రగడ్డలు తీసుకుంది. ఆమె తప్పేం లేదు. ఆ వారం మా వీధిలో ఇంకెన్ని క్యాసెట్లు అట్లా పోయాయో!

అసలు ఆ మిషన్ జపాన్‌ది. 1983లో నింటెండో కంపెనీ అక్కడ ఫ్యామిలీ కంప్యూటర్ అని అమ్మింది. మన ఇండ్లకు వచ్చినవి ఎక్కువగా దానికి నకళ్లు. క్యాసెట్లూ నకళ్లే. పైన '9999 ఇన్ 1' అని రాసి ఉంటుంది, లోపల ఉండే ఆటలు కొన్నే, అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అయినా మాకు మారియో, రోడ్ ఫైటర్, ట్యాంకులాట, కాంట్రా పరిచయమైంది వాటితోనే. ఆ నకళ్లను నేను చిన్నచూపు చూడను.

పాప నెట్‌లో అమెరికా కాంట్రా ఒకటి చూపించి కొందామంది, గుర్తుందా? అది వద్దన్నది ధర చూసి కాదు. జపాన్ క్యాసెట్‌కు కింద 60 పిన్నులుంటాయి, అమెరికా దానికి 72. అది వెడల్పుగా ఉంటుంది, మన మిషన్‌లో పట్టదు. మధ్యలో ఇంకో అడాప్టర్ కావాలి.

ఇప్పుడు ధర సంగతి. 2021 జులైలో అమెరికాలో 'సూపర్ మారియో 64' క్యాసెట్ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లకు పోయింది. 1996లో వచ్చిన ఆట అది, కోటికి పైగా అమ్ముడైంది. ఆట అరుదైనదేం కాదు. కానీ ఆ ఒక్క పెట్టెకు సీల్ ఎవరూ విప్పలేదు, అట్ట నలగలేదు. క్యాసెట్లు మిగిలిన ఇండ్లల్లో కూడా అట్టపెట్టె మిగలదు, కొన్న రోజే చెత్తబుట్టలో పడుతుంది. అందుకే పెట్టెతో సహా వెతికేవాళ్లకు మరీ కష్టం.

నాకు తెలిసింది ఇంకొకటుంది. ఖరీదైన వస్తువు ఎక్కడున్నా డబ్బే దాన్ని బయటికి లాక్కొస్తుంది. మామూలు క్యాసెట్‌ను బయటికి తెచ్చేదెవరు? వంద, రెండొందలు వస్తాయని ఎవరైనా నిచ్చెన వేసుకుని అటకెక్కి, దుమ్ము దులిపి, ఫొటో తీసి, ప్యాక్ చేసి కొరియర్ ఆఫీసుకు పోతారా? పోరు. అది అక్కడే ఉంటుంది, ఇల్లు పడగొట్టేదాకా.

ఒకవేళ దొరికినా చూసి తీసుకోవాలి. ఆట ఉండే చిప్ గట్టిది, ఏళ్ల తరబడి ఉంటుంది. ముందు పాడయ్యేది పిన్నులు. మేము ఆట రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊదేవాళ్లం. అది తప్పు. నోటి తడి తగిలి ఆ రాగి పిన్నులు నల్లబడతాయి. పోకెమాన్ లాంటి ఆటల్లోనైతే, ఎక్కడిదాకా ఆడామో గుర్తుంచుకోవడానికి లోపల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే ఆట మామూలుగానే వస్తుంది, ఆఫ్ చేసి మళ్లీ వేస్తే మాత్రం మొదటికొస్తుంది. అమ్మేవాళ్లు "వర్కింగ్" అంటారు, వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. సేవ్ చేసి, ఆఫ్ చేసి, కాసేపాగి మళ్లీ వేసి చూడమనండి. విప్పనిస్తే లోపల కూడా చూడండి. ఒరిజినల్‌లో ఎక్కువగా కాళ్లున్న చిప్పులు వరసగా కనిపిస్తాయి. మన నకళ్లలో ఎక్కువగా బోర్డు మధ్యన నల్లగా, తారు చుక్క కారి గడ్డకట్టినట్టు ఒకే ముద్ద ఉంటుంది. ముద్ద ఉంటే కొనొద్దని కాదు, ఒరిజినల్ ధర ఇవ్వొద్దని.

టీవీలో ఎగిరే బాతుల్ని బొమ్మ తుపాకీతో కాల్చే బాతులాట అయితే క్యాసెట్ దొరికినా చాలదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లగా అయ్యి, బాతు ఉన్న చోట మాత్రం తెల్ల గడి వెలుగుతుంది. తుపాకీ మొనలో ఉన్న సెన్సర్ ఆ వెలుగును చూస్తుంది. అంటే వెలుగు వచ్చేది తుపాకీలోంచి కాదు, టీవీలోంచే. పాత డబ్బా టీవీ ఆ గడిని వెంటనే చూపిస్తుంది. మీ ఇంట్లో గోడకున్న టీవీ కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది, ఆ కొంచెంలోనే గురి తప్పినట్టు లెక్క. డబ్బా టీవీలనేమో అందరూ పారేశారు.

ఇక జరిగిన సంగతి. మొన్న భవానీ నగర్‌లో నా చిన్ననాటి స్నేహితుడు ఇంటికి సున్నం వేయిస్తూ అటక ఖాళీ చేయించాడు. స్టీలు డబ్బాలో పాత కరెంటు బిల్లుల కింద కాంట్రా! స్టిక్కర్ సగం లేచిపోయింది. మిగిలిన సగం మీద నీలం బాల్‌పెన్‌తో వాడి పేరు, ఆరో తరగతి, బి సెక్షన్. ఎంతకిస్తావురా అని అడిగాను. చాలాసేపు చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "అమ్మను. పిల్లలొస్తే తీసుకుపోయి ఆడించు" అన్నాడు. ఎంత డబ్బిచ్చినా ఇవ్వడని ఆ చూపులోనే తెలిసింది. వెతికేవాళ్లకు దొరకకపోవడానికి ఇట్లాంటివాళ్లు కూడా కారణమే, కానీ వాణ్ని ఇంకో మాట అడగాలనిపించలేదు.

మొబైల్ రిపేరు షాపులో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడిగి తెచ్చి, ఇయర్ బడ్‌తో పిన్నులు తుడిచాను. మొదటి బడ్ కాటుకలా నల్లగా వచ్చింది. ఐదోది తెల్లగా వచ్చింది. లీలామహల్ దగ్గర రిపేరు షాపాయన మిషన్ ఒకటి, డబ్బా టీవీ ఒకటి దసరాకు సిద్ధం చేసిస్తానన్నాడు. క్యాసెట్ వెనక నా స్నేహితుడే పెన్‌తో బాణం గుర్తులు వేసుకున్నాడు, మర్చిపోకుండా. టైటిల్ రాగానే వరసగా నొక్కితే మూడు లైఫులకు బదులు 30 వస్తాయి. మీరు కాగితం మీద రాసి పెట్టుకోండి: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ, స్టార్ట్.

మీ పెదనాయన