ఖాళీ కుర్చీని ఎవరు రాశారు?

ముగ్గురు విద్యార్థులు కలిసి నాటకం రాస్తున్నారనుకుందాం. మొదటి రంగం రాసిన అమ్మాయి వేదిక మధ్యలో ఒక ఖాళీ కుర్చీ వేయించింది. అది చనిపోయిన తండ్రిది. రెండో రంగం అందుకున్న అబ్బాయి అన్నదమ్ముల గొడవ రాస్తూ తమ్ముణ్ణి తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టాడు. దాని గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు. అయినా అంతవరకు తండ్రి లేని లోటుగా కనిపించిన కుర్చీ పెత్తనంగా మారిపోయింది. మూడో రంగం తెర తీసేసరికి అది గోడవైపు తిరిగి ఉంది.

అర్థం ఇలా ఎక్కడ, దేనివల్ల మారిందో పట్టుకునేది సంకేత శాస్త్రం, అంటే సెమియోటిక్స్. దీనికి పునాది వేసినవారిలో ఒకరైన స్విస్ భాషావేత్త ఫెర్డినాండ్ ద సొస్యూర్ భాషా సంకేతానికి రెండు ముఖాలున్నాయన్నారు. వినిపించే రూపం సూచకం, మనసులో మెదిలే భావం సూచితం. ఆ రెంటికీ మధ్య ఉన్న ముడి ప్రకృతి వేసింది కాదు, సమాజం ఒప్పుకున్నది. ఇంకో సంగతి నాకెప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. ఆయన 1913లో చనిపోయారు. ఈ ఆలోచనలను లోకానికి అందించిన 1916 నాటి పుస్తకాన్ని ఆయన స్వయంగా రాయలేదు. పాఠాలు విన్న విద్యార్థుల నోట్సుల ఆధారంగా సహోద్యోగులు కూర్చారు. ఈ శాస్త్రమే పలువురి చేతుల మీదుగా పుట్టిందన్నమాట.

1930ల నుంచి ప్రాగ్ పండితులు దీన్ని నాటకరంగానికి తెచ్చారు. వేదిక మీదికి వచ్చిన ప్రతిదీ సంకేతమే అన్నది వాళ్ల మాట. నాటకంలో సంకేతం కుదురుగా ఉండదనీ, నటుడు చేయాల్సిన పనిని ఒక శబ్దమో వెలుగో చేసేయగలదనీ 1940లో చెక్ దర్శకుడు యిండ్రిఖ్ హోన్జల్ చూపించారు. 1968లో పోలిష్ పండితుడు తదేవుష్ కోవ్జాన్ నాటక ప్రదర్శనలో 13 సంకేత వ్యవస్థలను లెక్కగట్టారు. వాటిలో ఉచ్చరించే పాఠానికి చెందినవి రెండే, మాట, స్వరం. మిగతా 11 హావభావాలు, కదలిక, దుస్తులు, వస్తువులు, వెలుగు, సంగీతం లాంటివి.

అందుకే విద్యార్థుల స్క్రిప్టు చేతికొస్తే నేను ముందు రంగ సూచనలు చదవమంటాను. సంభాషణలను అందరూ కలిసి పదేపదే చదువుతారు, సరిదిద్దుతారు. చివరికి అవన్నీ ఒకే గొంతుతో పలుకుతాయి. బ్రాకెట్లలో ఉండే సూచనల జోలికి అంతగా ఎవరూ పోరు. ఒకరి ఊహ ఆగి మరొకరిది మొదలైన అతుకు అక్కడే కనిపిస్తుంది.

అలాగని కనిపించిన ప్రతిదానికీ గూఢార్థం అంటగట్టకూడదు. దీనికి మార్పిడి పరీక్ష ఉంది. కుర్చీ తీసేసి స్టూలు వేయండి. రెండో రంగంలో తమ్ముడు అలాగే కూర్చుంటాడు, కానీ పెత్తనం పోతుంది. కాబట్టి కుర్చీకి అర్థం ఉంది. పక్కనున్న బల్ల గుండ్రంగా ఉన్నా నలుచదరంగా ఉన్నా కథలో ఏ తేడా రాకపోతే, ఆ ఆకారానికి ఈ నాటకంలో పని లేదు.

ఇప్పుడు చిత్తుప్రతులు వరసగా పెట్టి చూడండి. మూడో రంగం చదివాక మొదటి అమ్మాయి తన రంగానికి తిరిగొచ్చి ఒక్క వాక్యం చేర్చింది: ‘తమ్ముడు కుర్చీ వైపు చూడకుండా దాటిపోతాడు.’ ఆ వాక్యం ఆమెదే. కానీ మిగతా ఇద్దరూ రాయకపోయి ఉంటే ఆమెకు అది తట్టేదే కాదు.