రాజుగారింట పురుడు, వాడవాడలా వాదు

1894 జూన్ 23, శనివారం. దక్షిణ వేల్స్‌లో పొంటిప్రీధ్ పట్టణానికి ఆనుకుని ఉన్న కిల్వనిధ్ అనే గని ఊరు. సాయంత్రం నాలుగు కావస్తుండగా అక్కడి ఆల్బియన్ బొగ్గు గనిలో పేలుడు జరిగింది. గాలిలో తేలే బొగ్గు ధూళికి నిప్పంటుకుని, మంట సొరంగాల వెంట పరుగెత్తింది. 290 మంది చనిపోయారు. వారిలో మీసం మొలవని కుర్రాళ్లూ ఉన్నారు. బొగ్గు బండ్లు లాగే గుర్రాలు నూటికి పైగా చచ్చిపోయాయి. శవాలు పోల్చుకోలేనంతగా కాలిపోవడంతో, ఒకరి కొడుకును ఇంకొకరి గుమ్మంలో దించిన సంఘటనలు కూడా జరిగాయి.

ఆ రాత్రి పది గంటలకు లండన్ శివారులోని రిచ్‌మండ్ పార్కులో, వైట్ లాడ్జ్ అనే భవనంలో విక్టోరియా రాణికి మునిమనవడు పుట్టాడు. తర్వాతి కాలంలో ఎనిమిదో ఎడ్వర్డుగా గద్దెనెక్కింది ఆ బిడ్డే.

బ్రిటన్ రాజకుటుంబంలో బిడ్డ పుట్టిన ప్రతిసారీ జనం రెండుగా చీలిపోతారు. ఒకవైపు జెండాలు, పూలు, ఆసుపత్రి ముందు రాత్రంతా జాగారం. మరోవైపు, దేశంలో ఇన్ని కష్టాలుండగా ఈ సంబరమేమిటనే కోపం. ఈ తగువు టీవీలూ ఫోన్లూ వచ్చాక మొదలైందని చాలామంది అనుకుంటారు. దాని వేళ్లు చాలా లోతుకు ఉన్నాయి. అందులో 1894 నాటి ఆ శనివారానిది ముఖ్యమైన చోటు.

పేలుడు జరిగిన అయిదు రోజులకు, జూన్ 28న, బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో సర్ విలియం హార్‌కోర్ట్ రాణికి అభినందనలు తెలిపే తీర్మానం పెట్టారు. అదే వారంలో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో హత్యకు గురైతే సభ సంతాపం ప్రకటించింది. గనిలో పోయినవాళ్ల కుటుంబాలకు కూడా ఒక సంతాప వాక్యం చేర్చండని అడిగిన సభ్యుడు ఒకరున్నారు. ఆయన కీర్ హార్డీ. ఆ మాట చెల్లలేదు. దాంతో ఆయన లేచి అభినందన తీర్మానాన్నే వ్యతిరేకించారు.

సభ్యులు కేకలు వేశారు, అరిచారు, మాట సాగనివ్వకూడదని చూశారు. హార్డీ ఆగలేదు. ఈ పిల్లవాడి చుట్టూ పుట్టిన నాటి నుంచీ భజనపరులు మూగుతారు, తాను అందరికన్నా పై మట్టితో తయారైనవాణ్నని నమ్మేటట్లు పెంచుతారు, రేపు తాను ఏలబోయే జనానికీ తనకూ మధ్య గీత గీస్తారు, కొంతకాలానికి ప్రపంచయాత్రకు పంపుతారు, ఆ తర్వాత అంతస్తు కుదరని పెళ్లి గురించి పుకార్లు పుడతాయి, చివరికి ఖర్చంతా దేశం నెత్తిన పడుతుంది. ఆయన చెప్పినదాని సారాంశం ఇది.

ఇంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే హార్డీ చిన్ననాటి ఇంట్లోకి తొంగి చూడాలి. స్కాట్లాండ్‌లో పొలం పనులకు వెళ్లే ఒక పడుచుకు పెళ్లికాకుండా పుట్టిన బిడ్డ ఆయన. పదేళ్ల వయసులో ఒక రొట్టెల కొట్టులో పని చేసేవాడు. 1866 చివరి రోజులు. సవతి తండ్రికి పని లేదు, తమ్ముడికి జ్వరం, తల్లికి నెలలు నిండాయి. రాత్రంతా మేలుకుని సేవ చేసిన ఆ పిల్లవాడు పనికి కాస్త ఆలస్యంగా వెళ్లాడు. యజమాని అతణ్ని పనిలోంచి తీసేసి, వారం కూలీ కూడా ఎగ్గొట్టాడు. ఆ రాత్రే తల్లి ప్రసవించింది. 1867 జనవరి 1న తెల్లవారేసరికి ఆ ఇంట్లో నిప్పూ లేదు, తిండీ లేదని హార్డీయే తర్వాత రాసుకున్నారు. బాలింతకు పెట్టడానికి రొట్టెముక్క లేని ఇల్లు. ఆ వెంటనే అతను బొగ్గు గనిలోకి దిగాడు. సొరంగంలో గాలి తలుపు దగ్గర చీకట్లో ఒంటరిగా కూర్చుని, బండి వచ్చినప్పుడల్లా తలుపు తెరిచి మూయడం అతని పని. చలికాలంలో ఆదివారం తప్ప ఎండ మొహం చూసేవాడు కాదు.

అలాంటి మనిషి, 290 మంది పోయిన వారంలో, ఒక్క బిడ్డ పుట్టినందుకు అభినందనలా అని అడిగితే అది అసూయ కాదు, రాజద్రోహమూ కాదు. పార్లమెంటు రాసుకునే ఖాతాలో ఎవరి పుట్టుకకు చోటుంది, ఎవరి చావుకు చోటు లేదు అన్నదే ఆయన ప్రశ్న. నా దృష్టిలో ఆనాటి సభలో అంత సూటిగా మాట్లాడినవారు ఇంకొకరు లేరు.

ఆయన జోస్యం మాత్రం అక్షరాలా జరిగింది. ఆ బిడ్డ పెరిగి యువరాజుగా సామ్రాజ్యమంతా తిరిగాడు. 1921 నవంబరు 17న బొంబాయిలో అడుగుపెట్టేసరికి ఊరంతా హర్తాళ్, అల్లర్లు. 1922 జనవరిలో మద్రాసు వెళ్లినప్పుడూ అదే పరిస్థితి. సహాయ నిరాకరణ నడుస్తున్న ఆ రోజుల్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ నగరం నుంచే పాలించబడుతున్నాయి. 1936 డిసెంబరులో, రెండుసార్లు విడాకులు తీసుకున్న అమెరికా మహిళ వాలిస్ సింప్సన్‌ను పెళ్లాడడం కోసం ఆయన గద్దె వదిలేశాడు. హార్డీ అప్పటికి చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది.

హార్డీ కన్నా రెండు వందల ఏళ్ల ముందు రాజబిడ్డ పుట్టుక మీద జనానికి వేరే గొడవ ఉండేది. అది ఖర్చు గురించి కాదు, అసలు ఈ బిడ్డ రాణి కన్నదేనా అన్న అనుమానం. 1688 జూన్ 10న లండన్‌లోని సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో రెండో జేమ్స్ రాజు భార్య మేరీ ఆఫ్ మోడెనాకు కొడుకు పుట్టాడు. రాజు, రాణి ఇద్దరూ క్యాథలిక్కులు. దేశంలో అత్యధికులు ప్రొటెస్టెంట్లు. రాజుకు మొదటి భార్య వల్ల కలిగిన ప్రొటెస్టెంటు కూతుళ్లు మేరీ, ఆన్‌లకే గద్దె దక్కుతుందని అందరూ ఓపిక పట్టి ఉన్నారు. ఆ రెండో రాణికి అంతకుముందు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. ఇప్పుడు మగబిడ్డ నిలిచాడంటే క్యాథలిక్ వంశం స్థిరపడినట్టే.

పుకారు పుట్టింది. అసలు రాణికి కడుపే రాలేదనీ, వచ్చినా బిడ్డ చచ్చి పుట్టిందనీ, పక్క వెచ్చబెట్టే నిప్పుల పళ్లెంలో పెట్టి ఎవరి బిడ్డనో లోపలికి తెచ్చారనీ. పొడవాటి పిడి, మూత ఉన్న ఆ లోహపు పళ్లెంలో నిప్పులు నింపి, చలికాలంలో దుప్పట్ల కింద తిప్పేవారు. అందులో పసిగుడ్డు పట్టడం కష్టమని ఎవరికైనా తెలుస్తుంది. అయినా ఊరు నమ్మింది. కాన్పు గదిలో నలభై మందికి పైగా ఉన్నారు. ఉన్నవారిలో చాలామంది క్యాథలిక్కులు కాబట్టి వాళ్ల సాక్ష్యం చెల్లదన్నారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆ గదిలో ఎందుకు లేరంటే, రెండు రోజుల ముందే రాజు ఆయన్ను మరో ఆరుగురు బిషప్పులతో పాటు లండన్ టవర్‌లో ఖైదు చేయించాడు. కూతురు ఆన్ ఆ సమయానికి బాత్ పట్టణంలో ఉంది.

అక్టోబరులో రాజు తన మంత్రిమండలిని ప్రత్యేకంగా సమావేశపరచి, కాన్పు చూసినవాళ్లందరిచేతా సాక్ష్యం చెప్పించాడు. ఒక స్త్రీ పురిటి నొప్పులు, రక్తం, మైల బట్టలు అన్నీ నిండు సభలో విచారణ అంశాలయ్యాయి. ఆ వాంగ్మూలాలను అచ్చు వేసి పంచారు కూడా. ఇది చదివినప్పుడల్లా నా మనసు ఆ రాణి మేరీ దగ్గరే ఆగిపోతుంది. అంతకుముందు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి, దక్కిన ఒక్కడు తన కడుపున పుట్టినవాడేనని దేశానికి రుజువు చేసుకోవలసి వచ్చింది. రుజువులు ఫలించలేదు. నవంబరు 5న హాలండ్ నుంచి అల్లుడు విలియం సైన్యంతో దిగాడు, జేమ్స్ ఫ్రాన్సుకు పారిపోయాడు. ఆ బిడ్డ 1766లో రోములో చనిపోయే దాకా ప్రవాసంలోనే బతికాడు.

ఆ అనుమానపు నీడ చాలాకాలం వదల్లేదు. రాజవంశంలో కాన్పు జరిగితే హోం మంత్రి దగ్గర ఉండాలన్న ఆనవాయితీ ఇరవయ్యో శతాబ్దం దాకా నడిచింది. 1930లో మార్గరెట్ రాకుమారి స్కాట్లాండ్‌లోని గ్లామిస్ కోటలో పుట్టబోతుంటే, అప్పటి లేబర్ పార్టీ హోం మంత్రి జె.ఆర్. క్లైన్స్ ఆగస్టు మొదటి వారంలోనే అక్కడికి చేరి, కొన్ని మైళ్ల దూరంలోని ఎయిర్లీ కోటలో బస చేశారు. కబురు రాగానే బయలుదేరేందుకు ప్రత్యేకంగా టెలిఫోను తీగ లాగారు. బిడ్డ ఆగస్టు 21న గానీ పుట్టలేదు. రెండు వారాలకు పైగా ఒక దేశపు హోం మంత్రి పురిటి కబురు కోసం కూర్చున్నాడు. క్లైన్స్ కూడా పదేళ్లకే ఓల్డమ్ నూలు మిల్లులో కూలికి చేరినవాడు. హార్డీ తరం నిలబెట్టిన ఆ లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చినా కోట గుమ్మంలో కాపలా తప్పలేదు.

ఇప్పుడు ఆ సాక్షుల పని కెమెరాలు చేస్తున్నాయి. 1982 జూన్ 21న ఇప్పటి యువరాజు విలియం లండన్ పాడింగ్టన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో పుట్టాడు. గద్దెకు నేరుగా వారసుడయ్యే బిడ్డ ఆసుపత్రిలో పుట్టడం అదే మొదటిసారి. అప్పటి నుంచి ఆ ఆసుపత్రి మెట్లు వేదికగా మారాయి. 2013 జూలై 22 సాయంత్రం 4.24కు ఆ విలియం కొడుకు జార్జ్ పుట్టాడు. నాలుగు గంటల తర్వాత గానీ లోకానికి చెప్పలేదు. బకింగ్‌హామ్ ప్యాలెస్ ఆవరణలో బంగారు రంగు చట్రంలో ప్రకటన పెట్టిన ఇద్దరిలో ఒకరు భారతదేశంలో పుట్టిన యువ ఉద్యోగి. మర్నాడు గ్రీన్ పార్కులో 41 సార్లు, లండన్ టవర్ దగ్గర 62 సార్లు ఫిరంగులు పేల్చారు. ట్రఫాల్గర్ స్క్వేర్ ఫౌంటెన్లు నీలిరంగు వెలుగులో తడిశాయి. అదే సమయంలో ఒక పెద్ద పత్రిక తన వెబ్‌సైటులో ఒక మీట పెట్టింది. అది నొక్కితే రాజకుటుంబం వార్తలన్నీ మాయమవుతాయి. హార్డీ వారసులు అలా తమ మాట చెప్పుకున్నారు.

జార్జ్ పుట్టిన మర్నాడు సాయంత్రం తల్లి కేట్ చుక్కల నీలం గౌనులో మెట్ల మీదికి వచ్చింది. ప్రసవమైన ఒక్క రోజుకు ఏ ఆడదాని పొట్టయినా ఎలా ఉంటుందో అలాగే కనిపించింది. దాచకుండా వచ్చినందుకు ఎందరో తల్లులు సంతోషించారు. 2018లో లూయీ పుట్టినప్పుడు ఏడు గంటలు తిరగకుండానే జుట్టు దువ్వి, ఎత్తు మడమల చెప్పులతో ఆమె బయటికి వస్తే, ఆ తల్లుల్లోనే కొందరికి కడుపు తరుక్కుపోయింది. మన ఇళ్లలో పురిటిబిడ్డకు దిష్టి తగులుతుందని బారసాల దాకా బయటివారి కంట పడనివ్వరు, బాలింతను గది దాటనివ్వరు. ఆ పద్ధతిలో లోపాలు లేవని కాదు, కానీ తల్లికి దక్కే ఆ కొన్ని రోజుల మరుగు విలువ ఆ మెట్లను చూస్తే తెలుస్తుంది.

కుతూహలం ప్రాణాల మీదికి వచ్చిన సందర్భమూ ఉంది. 2012 డిసెంబరులో కేట్ తీవ్రమైన వేవిళ్లతో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో చేరినప్పుడు, ఆస్ట్రేలియా రేడియో వ్యాఖ్యాతలిద్దరు రాణి గొంతుతో ఫోను చేశారు. ఆ ఫోను ఎత్తి వార్డుకు కలిపింది భారతదేశం నుంచి వెళ్లిన నర్సు. ఆ మోసం ప్రసారమై ప్రపంచమంతా నవ్వుకుంది. మూడు రోజుల్లో ఆమె చనిపోయింది. ఇద్దరు పిల్లల తల్లి. ఇంకా పుట్టని ఒక బిడ్డ గురించిన కబురు కోసం జరిగిన పని అది. 2019 మేలో విలియం తమ్ముడు హ్యారీకి ఆర్చీ పుట్టినప్పుడు బీబీసీ వ్యాఖ్యాత ఒకరు చింపాంజీ బొమ్మ జతచేసి వ్యాఖ్య పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ బిడ్డ తల్లి మేగన్‌కు నల్లజాతి మూలాలున్నాయి. పుట్టబోయే బిడ్డ ఒంటి రంగు ఎంత ముదురుగా ఉంటుందోనని కుటుంబంలోనే మాటలు నడిచాయని 2021లో ఆమె టీవీలో చెప్పింది.

ఖర్చు లెక్క అడగడం న్యాయం. గద్దె వంశపారంపర్యంగా రావడం తప్పనడమూ న్యాయమే. పొత్తిళ్లలోని పసికందు మీద, పచ్చి బాలింత మీద ఆ కోపం పోయడం ఏ విధంగానూ న్యాయం కాదు. హార్డీ కూడా ఆ పిల్లవాణ్ని ఎలా పెంచబోతున్నారో దాన్నే తిట్టాడు, పిల్లవాణ్ని కాదు.

ఇక 1948 సంగతి. నవంబరు 14న ఛార్లెస్ పుట్టడానికి కొద్ది రోజుల ముందు, హోం మంత్రి హాజరీ ఇక అక్కర్లేదని ప్రకటించారు. ఆ లెక్కన అదే రాజును తమ రాజుగా ఒప్పుకున్న కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల ప్రతినిధులనూ పిలవాల్సి వస్తుందని తేలడం ఒక కారణం. రాజుగారింటి పురిటి గదికి చివరకు తలుపు వేశారు. అదే ఏడాది జూలై 5న బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం అందించే జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. దాన్ని తెచ్చిన మంత్రి అన్యూరిన్ బెవన్ వేల్స్ గని ఊరివాడు, పదమూడేళ్లకే గనిలోకి దిగినవాడు.

జూలై 4 రాత్రి, వేల్స్‌లోని ఆమన్ వ్యాలీ ఆసుపత్రిలో ఒకామె నొప్పులు పడుతోంది. పన్నెండు దాటితే కాన్పుకు పైసా కట్టనక్కర్లేదు. కాసేపు ఓర్చుకో, కాసేపు ఓర్చుకో అని నర్సులు బతిమాలారు. పన్నెండు దాటి ఒక్క నిమిషానికి ఆడపిల్ల పుట్టింది. అన్యూరిన్ పేరు మీద ఆ పాపకు అనైరా అని పేరు పెట్టారు. ఆమె పెరిగి అదే ఆరోగ్య సేవలో నర్సయింది.