ఐదో తరగతి సగటు ఎందుకు పడిపోతుంది?

వరంగల్ చుట్టుపక్కల ఏ మండలంలోనైనా నాలుగో తరగతి చెప్పే సర్కారు బడి టీచర్‌ను అడిగి చూడండి. క్లాసులో చురుకైన పిల్లలందరి చూపూ గురుకుల ప్రవేశ పరీక్ష మీదే ఉంటుంది. తెలంగాణలో సాంఘిక, గిరిజన, బీసీ గురుకులాలు ఐదో తరగతి నుంచే పిల్లల్ని తీసుకుంటాయి. హాస్టల్, భోజనం, చదువు అన్నీ ఉచితం. చాలాచోట్ల టీచరే దగ్గరుండి దరఖాస్తు నింపిస్తుంది, పాత ప్రశ్నపత్రాలు చేయిస్తుంది. సీటు వచ్చిన పిల్లలు పెట్టె సర్దుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత ఐదో తరగతి మార్కులు చూసినవాళ్లు మాత్రం ‘ఈ బడిలో చదువు పడిపోయింది’ అంటారు.

లెక్క వేసి చూద్దాం. నాలుగో తరగతిలో 10 మంది ఉన్నారనుకోండి. ముగ్గురికి 80 చొప్పున, ఏడుగురికి 40 చొప్పున మార్కులు. సగటు 52. ఆ ముగ్గురూ గురుకులానికి వెళ్లారు. మిగిలిన ఏడుగురూ ఏడాదంతా కష్టపడి 40 నుంచి 46కి ఎదిగారు. ఇప్పుడు ఐదో తరగతి సగటు 46. క్లాసులో కూర్చున్న ప్రతి పిల్లా 6 మార్కులు పెరిగితే, బడి సగటు 6 మార్కులు తగ్గింది! టీచర్ చేసిన మంచి పనే తిరిగి ఆమె మీద నిందగా పడింది.

గణాంక శాస్త్రంలో దీన్ని ఎంపిక ప్రభావం అంటారు. బడి సగటు చూసి అక్కడ చదువు ఎలా చెబుతున్నారో తేల్చేస్తాం గానీ, అది ముందుగా చెప్పేది అక్కడ ఎవరు చదువుతున్నారన్న సంగతి. 1966లో అమెరికాలో సమాజ శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం 6 లక్షల మందికి పైగా విద్యార్థుల వివరాలు పరిశీలించింది. మార్కుల్లో తేడాలకు బడి వసతుల కన్నా కుటుంబ నేపథ్యంతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. బడి చేసేదేమీ లేదని దీని అర్థం కాదు. బడి చేసిన పనిని విడదీసి చూడాలంటే సగటు ఒక్కటే సరిపోదు.

అలా విడదీసి చూసిన పెద్ద ప్రయోగం ఒకటి మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాలు, 180 గ్రామాలు. సర్కారు బడి పిల్లల్లో ప్రైవేటు బడికి పోతామన్నవాళ్ల దరఖాస్తులు తీసుకుని, లాటరీ తీసి, గెలిచినవాళ్ల ఫీజు కట్టారు. గెలుపోటములు చీటీ మీద ఆధారపడ్డాయి కాబట్టి రెండు వైపులా ఒకే రకం కుటుంబాలు ఉంటాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఫలితాలు ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అయితే ప్రైవేటు బడులు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయం ఇచ్చి, ఒక్కో విద్యార్థి మీద తక్కువ ఖర్చుతోనే ఆ ఫలితం తెచ్చాయి. అది కూడా నిజమే, దాచకూడదు. కానీ ‘ప్రైవేటు పిల్లలకు ఎక్కువ మార్కులు వస్తాయి కదా’ అని ఊళ్లో మనం వినే మాటలో చాలా భాగం బడిది కాదు, ఫీజు కట్టగలిగిన ఇంటిది.

మరి సర్కారు బడి బెంచీ మీద ఎవరున్నారు? మహబూబాబాద్ వైపు తండాలకు వెళ్తే, ఇంట్లో లంబాడీ, టీచర్ నోట తెలుగు, 2022-23 నుంచి పుస్తకంలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య ఒక ఆరేళ్ల పిల్ల. ములుగు కోయగూడేల్లో, ఆదిలాబాద్ గోండు గూడేల్లోనూ ఇదే పరిస్థితి. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో తల్లిదండ్రులు పొద్దున్నే కూలికి పోతే చెల్లెనో తమ్ముణ్నో చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగిపోతుంది. హాజరు పట్టీలో అది గైర్హాజరు మాత్రమే.

మూడో తరగతి పిల్లాడు ‘చెట్టు మీద పిట్ట ఉన్నది’ అన్న వాక్యాన్ని ‘చెటు మీద పిట ఉనది’ అని చదువుతాడు. వాడికి అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, ఒత్తుల దగ్గర ఆగాడు. నిరుడు అక్షరాలే రాని పిల్లాడైతే ఇది పెద్ద ఎదుగుదల. పరీక్షలో మాత్రం ‘చదవలేడు’ అనే గడిలోనే పడతాడు. పిల్లాడు ఎక్కడ ఆగాడో కనిపెట్టి, తరగతితో పని లేకుండా స్థాయిని బట్టి గుంపులు కట్టి చెబితే ఫలితం ఉంటుందని పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో చేసిన పరిశోధనలు చూపించాయి. 2022లో మన రాష్ట్రంలో సర్కారు బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం కూడా పిల్లల స్థాయిని తెలుసుకుని చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలన్నదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఊళ్లల్లో చాలా ప్రాథమిక బడులు చిన్నవి. 8 మంది రాసే పరీక్షలో ఒక్కరు జ్వరంతో తప్పితే ఉత్తీర్ణత 100 నుంచి 87.5 శాతానికి దిగుతుంది. అందుకే ర్యాంకులు వేస్తే పై వరసలోనూ అడుగునా చిన్న బడులే ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికాలో పై వరస మాత్రమే చూసి, చిన్న బడులే మేలనుకుని పెద్దవాటిని విడగొట్టడానికి భారీగా డబ్బు పోశారు. అడుగున కూడా చిన్నవే ఉన్నాయని 2007లో గణాంకవేత్త హోవార్డ్ వైనర్ గుర్తుచేశారు.

కాబట్టి కొలవాల్సింది ఒకే పిల్లను రెండుసార్లు: జూన్‌లో ఎక్కడుంది, ఏప్రిల్‌కి ఎక్కడికి చేరింది? గురుకులానికి వెళ్లిన పిల్లల ఎదుగుదలలో కూడా నాలుగో తరగతి దాకా చెప్పిన బడికి వాటా రాయాలి. దీనికి కొత్త ఏర్పాట్లేమీ అక్కర్లేదు. 2022-23 నుంచి దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో ప్రతి విద్యార్థి వివరాలు విడివిడిగా నమోదవుతున్నాయి, బడి మారినా శాశ్వత విద్యా సంఖ్య మారదు. ఆ సంఖ్య పట్టుకుని జిల్లా విద్యాశాఖ ఏటా ప్రతి ఎంపీపీఎస్‌కు (మండల పరిషత్ ప్రాథమిక బడికి), అక్కడి నుంచి వెళ్లిన పిల్లలు ఇప్పుడెలా చదువుతున్నారో ఒక కాగితం పంపవచ్చు. తల్లిదండ్రుల సమావేశంలో ర్యాంకుకు బదులు ఆ కాగితం చదివి వినిపించాలి.