జారే కక్ష్యే కొలబద్ద

నాలుగైదు వందల కిలోమీటర్లు పైకి వెళ్ళాక ఇక గాలే ఉండదని అనుకుంటాం గానీ, ఊపిరికి ఏమాత్రం పనికిరాని ఆ పలుచని గాలి, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోయే ఉపగ్రహానికి అడ్డు తగిలి, దాని కక్ష్యను కొంచెం కొంచెంగా దించుతూనే ఉంటుంది. 1957 అక్టోబర్ 4న నింగికెగసిన స్పుత్నిక్-1 మూడు నెలలకే, 1958 జనవరి 4న, కింది దట్టమైన పొరల్లోకి జారి కాలిపోవడానికి కారణం ఇదే. కక్ష్య ఎంత త్వరగా తగ్గిందో లెక్కగడితే, ఆ ఎత్తున గాలి సాంద్రత ఎంతో తెలుస్తుంది.

ఈ లెక్కకు బాగా కలిసివచ్చినది 1958 మార్చి 17న అమెరికా పంపిన వాన్‌గార్డ్-1. అది ఒకటిన్నర కిలో బరువైనా లేని చిన్న లోహపు గోళం. గుండ్రంగా ఉండడంతో ఎటు తిరిగినా గాలికి ఎదురయ్యే వైశాల్యం దాదాపు ఒకటే కనుక, కక్ష్యలో తేడా వస్తే ఆ తేడా చాలావరకు గాలిదేనని తేల్చవచ్చు. 1964లో దాని రేడియో మూగబోయినా గోళం ఇంకా తిరుగుతూనే ఉంది. దాని కదలికను గమనించడానికి రేడియో అక్కరలేదు కూడా.

అలా బయటపడిన సంగతుల్లో ముఖ్యమైనది, ఎగువ వాతావరణం స్థిరంగా ఉండదని. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని అది వేడెక్కి ఉబ్బుతుంది; సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపే అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు గంటల్లోనే ఉబ్బుతుంది. అలా ఉబ్బితే ఉపగ్రహం తిరిగే ఎత్తున గాలి చిక్కబడి అడ్డు పెరుగుతుంది. 2022 ఫిబ్రవరి 3న సుమారు 210 కిలోమీటర్ల ఎత్తున విడిచిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలకు ఎదురైనది ఇదే. అడ్డు తగ్గించుకోవడానికి వాటిని కాగితం అంచులా గాలికి ఎదురుగా నిలిపినా, దాదాపు 40 ఉపగ్రహాలు పైకి చేరలేక కాలిపోయాయి.

నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ముచ్చటైనది ఐరోపా వారి గోచే ఉపగ్రహం. వాన్‌గార్డ్ పుట్టిన తేదీనే, 2009 మార్చి 17న, బయలుదేరిన ఇది భూమి గురుత్వాన్ని కొలవడానికి సుమారు 255 కిలోమీటర్ల ఎత్తునే తిరగాల్సి వచ్చింది. అందుకే దానికి బాణంలా సన్నని ఆకారం ఇచ్చి, గాలి ఎంత లాగితే అంతే ముందుకు నెట్టేలా జెనాన్ వాయువు కణాలకు విద్యుదావేశం ఇచ్చి వెనక్కి చిమ్మే అయాన్ ఇంజన్ అమర్చారు. గురుత్వం కొలిచేవారికి గాలి ఒక బెడద మాత్రమే. కానీ ఇంజన్ ఏ క్షణాన ఎంత నెట్టిందో తెలిపే ఆ చిట్టాయే వాతావరణ శాస్త్రవేత్తలకు గాలి సాంద్రత పట్టికగా మారింది. 2013 అక్టోబర్ 21న జెనాన్ అయిపోయింది. సరిగ్గా మూడు వారాలకు, నవంబర్ 11న, గోచే వాతావరణంలోకి పడిపోయింది.

అంతకన్నా కింద, 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య, ఈ ఉపాయమూ సాగదు. అక్కడికి బెలూన్లు చేరవు, ఉపగ్రహాలు నిలవవు. దూరం నుంచి పరికరాలతో చూడవలసిందే తప్ప, గాలిని నేరుగా తాకి కొలవాలంటే కొన్ని నిమిషాల్లో ఎగిరి పడిపోయే పరిశోధక రాకెట్లే దిక్కు.