చెర్నోబిల్ మట్టిలో సోయా గింజ

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో మన చిన్నది ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, వీడియోలో చెర్నోబిల్ చూశాను. బిల్డింగుల నిండా చెట్లు మొలిచేశాయి. మనుషులు ఉండకూడని చోట చెట్లెలా ఉన్నాయి? వాటికి ఏమీ కాదా?" అప్పుడు సిగ్నల్ సరిగా లేక రెండు మాటల్లో ముగించేశాను. ఇన్నేళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పాక ఇలాంటి ప్రశ్నను అలా వదిలేయడం నాకు మనసొప్పలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మీరూ తీరిగ్గా చదవండి.

ముందు ఒక మాట. చెట్లకూ అవుతుంది. 1986 ఏప్రిల్ 26న అర్ధరాత్రి దాటాక చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టర్ పేలిపోయింది. అప్పుడది సోవియట్ యూనియన్, ఇప్పుడు ఉక్రెయిన్. పక్కనున్న ప్రిప్యాత్ పట్నంలో దాదాపు 49 వేల మంది ఉండేవారు. మర్నాడు మధ్యాహ్నం వాళ్లను బస్సులెక్కించి తీసుకెళ్లిపోయారు. మూడు రోజుల్లో తిరిగొస్తామనుకుని ఇళ్లకు తాళాలు వేసుకున్న మనుషులు వాళ్లు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

మనుషులకు బస్సులు వచ్చాయి. చెట్లు మాత్రం నాటిన చోటే నిలబడి ఉండాలి కదా. రియాక్టర్‌కు దగ్గర్లో పెద్ద పైన్ అడవి ఉండేది. రేడియేషన్ వెదజల్లే ధూళి గాలిలో కొట్టుకొచ్చి దాని మీద పడింది. కొద్ది వారాల్లోనే సూదుల్లాంటి ఆ పచ్చని ఆకులు ఇటుక రంగుకు తిరిగి, చెట్లు నిలువునా చచ్చిపోయాయి. దానికి 'ఎర్ర అడవి' అని పేరొచ్చింది. చాలా చెట్లను కూల్చి, కందకాలు తవ్వి పాతిపెట్టారు.

అదే చోట బిర్చ్ చెట్లు చాలావరకు బతికిపోయాయి. ఎందుకు? పైన్ చెట్టు కణంలో డీఎన్ఏ చాలా ఎక్కువ. బిర్చ్‌తో పోలిస్తే పదుల రెట్లు పెద్దది. రేడియేషన్‌ను బాణాల వాన అనుకోండి. గురి పెద్దదైతే తగిలే బాణాలూ ఎక్కువే. పైగా పైన్ ఏడాది పొడవునా ఆకులతోనే ఉంటుంది కాబట్టి ధూళినంతా వాటి మీద పట్టి ఉంచుకుంది. బిర్చ్ అప్పటికి ఇంకా పూర్తిగా చిగురించలేదు. పాత ఆకులు రాల్చి కొత్తవి వేయడం, కొమ్మ ఎండితే పక్కనుంచి చిగురు తొడగడం బిర్చ్‌కు అలవాటు. తర్వాతి కాలంలో అక్కడ మళ్లీ మొలిచిన పైన్ మొక్కల్లో కొన్నింటికి నిటారుగా పెరిగే తల కొమ్మ లేకుండా పోయింది. అవి పొదల్లా గుబురుగా పెరిగాయి. చెట్లకి ఏం కాదా అంటే, ఇదీ అయింది.

ఇక మట్టి సంగతి. పేలుడులో బయటపడ్డ రేడియోధార్మిక పదార్థాల్లో అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది, కాబట్టి కొన్ని నెలల్లో దాదాపు పోయింది. మిగిలిన చిక్కంతా సీజియం-137తోనూ స్ట్రాన్షియం-90తోనూ. సీజియం సగమవడానికి 30 ఏళ్లు పడుతుంది, స్ట్రాన్షియానికీ ఇంచుమించు అంతే. మొక్క వేరు వీటిని ఎందుకు తాగుతుందో తెలుసా? పొరపాటు పడి. సీజియం గుణంలో పొటాషియానికి దగ్గరి చుట్టం, స్ట్రాన్షియం కాల్షియానికి చుట్టం. పొటాషియం కోసం తెరిచిన తలుపులోంచి సీజియం కూడా దూరిపోతుంది. మన రైతులు పొలానికి పొటాష్ వేస్తారు చూశారా, చెర్నోబిల్ చుట్టుపక్కల పొలాల్లోనూ జపాన్‌లో అణు ప్రమాదం జరిగిన ఫుకుషిమా వరి మళ్లలోనూ అదే చేశారు. వేరుకు కావలసినంత పొటాషియం దొరికితే సీజియాన్ని తక్కువ తాగుతుంది. అలాగే సున్నం వేస్తే స్ట్రాన్షియం తగ్గుతుంది. ఇంత పెద్ద ఆపదకు ఇంత మామూలు మందు పనిచేయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పొద్దుతిరుగుడు మొక్కలు విషమంతా పీల్చేస్తాయని మీరు వినే ఉంటారు. అందులో సగమే నిజం. 1990లలో చెర్నోబిల్ దగ్గర ఒక చెరువులో తెప్పల మీద పొద్దుతిరుగుడు పెంచితే, నీళ్లలోకి దిగిన వేళ్లు సీజియాన్నీ స్ట్రాన్షియాన్నీ బాగానే పట్టుకున్నాయి. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత అక్కడి నేలలో నాటితే పెద్దగా ఫలితం రాలేదు. ఆ బంకమట్టి రేకుల సందుల్లో సీజియం ఇరుక్కుపోతుంది, వేరుకు అందదు. మట్టిని బట్టి కథ మారిపోతుంది. చెర్నోబిల్ ఉత్తరాన ఉన్న చిత్తడి నేలల్లో బంకమట్టి తక్కువ, కుళ్లిన ఆకుల మట్టి ఎక్కువ. అక్కడ సీజియం మొక్కలకు సులువుగా దొరుకుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. స్లొవేకియా, ఉక్రెయిన్ శాస్త్రవేత్తలు కలిసి రియాక్టర్‌కు దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో, చిస్తొగాలోవ్కా అనే ఖాళీ అయిన ఊరి దగ్గర సోయా విత్తారు. అవే గింజలను 100 కిలోమీటర్ల దూరంలో శుభ్రమైన నేలలోనూ విత్తారు. రెండు చోట్లా పంట వచ్చింది. గింజలు తెచ్చి, లోపల ఏ ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయో లెక్క కట్టారు. 2009లో సోయా ఫలితాలు, ఆ మరుసటి ఏడు అవిసె ఫలితాలు ప్రకటించారు. అవిసె గింజల్లో చూసిన ప్రోటీన్లలో తేడా వచ్చినవి 5 శాతమే. అంటే మొక్క తన ఇల్లంతా కూల్చి కొత్తగా కట్టుకోలేదు, కొన్ని సామాన్లు జరిపి సర్దుకుందంతే.

సోయాలో ఏవి జరిగాయో చూడండి. భారలోహాలు తగిలినప్పుడు మొక్క వాడుకునే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తయారీకి సంబంధించిన ప్రోటీన్ పెరిగింది. గ్లైసిన్ బీటైన్ అనే పదార్థం తయారీలో పాల్గొనే ప్రోటీన్ కూడా పెరిగింది. ఈ బీటైన్ మనకు పరాయిది కాదు. కోరింగ మడ అడవికి మిమ్మల్ని తీసుకెళ్లినప్పుడు, సముద్రపు ఉప్పునీళ్లలో ఈ చెట్లెలా బతుకుతున్నాయని అడిగారు గుర్తుందా? ఆ మడ చెట్లలో కొన్ని కణాల్లో కూడబెట్టుకునేది ఇదే బీటైన్. కరువులోనూ ఉప్పులోనూ కణాన్ని కాపాడే పదార్థం అది.

ఇక్కడే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. రేడియేషన్ కణంలోని నీటిని చీల్చుతుంది. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ ముక్కలు దొరికినదాన్నల్లా, డీఎన్ఏతో సహా, కొరుకుతాయి. కానీ మండుటెండలో నిలబడ్డ ప్రతి ఆకులోనూ, నీళ్లు లేక వాడిన ప్రతి మొక్కలోనూ అలాంటి ముక్కలు పుడుతూనే ఉంటాయి. వాటిని చల్లార్చే ఎంజైములు, తెగిన డీఎన్ఏను అతికే ఏర్పాటు మొక్కకు కోట్ల ఏళ్లుగా ఉన్నవే. రియాక్టర్ కొత్త, మొక్క తీసిన పనిముట్లు పాతవి.

ఇలా తట్టుకునే అలవాటు పిల్లమొక్కలకు కూడా కొంత అందుతుందేమోనని వెతికినవాళ్లున్నారు. అరబిడాప్సిస్ అని ఆవ కుటుంబానికి చెందిన చిన్న కలుపు మొక్క ఉంది. చెర్నోబిల్‌లో పెరిగిన ఆ మొక్కల గింజలు తెచ్చి మొలిపిస్తే, డీఎన్ఏను దెబ్బతీసే మందులను అవి మామూలు మొక్కలకంటే బాగా తట్టుకున్నాయి. అక్కడి పైన్ చెట్ల డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయనపు గుర్తులు ఎక్కువగా కనిపించాయి. డీఎన్ఏ అటూ ఇటూ చెదిరిపోకుండా వేసుకున్న తాళాలేమో అవి అని శాస్త్రవేత్తలు ఊహిస్తున్నారు.

అయితే అన్ని మొక్కలూ ఇలా గెలవలేదు. అక్కడే ఒక్క పంటకాలం పెరిగిన గోధుమలో డీఎన్ఏ మార్పుల వేగం, శుభ్రమైన నేలలో పెరిగినదానికంటే 6 రెట్లు ఎక్కువని 2000లో తేలింది. ఒక్క పంటకే అంత. కాబట్టి 'ప్రకృతి గెలిచింది, రేడియేషన్ ఏం చేయలేదు' అని ఎవరైనా వీడియో పెడితే నమ్మకండి.

ఇంకో సంగతి కూడా ఆ వీడియోల్లో చెప్పరు. మొక్క బతికినంత మాత్రాన విషం పోలేదు, మొక్కలోకి చేరింది. ఆకు రాలితే తిరిగి మట్టిలోకి వస్తుంది, మళ్లీ వేరు తాగుతుంది. 2020 ఏప్రిల్‌లో ఆ అడవులు తగలబడితే పొగతోపాటు సీజియం కూడా గాలిలోకి లేచింది. అక్కడి అడవి పుట్టగొడుగులు చూడటానికి ఎంత బాగున్నా తినకూడదు.

ఇదంతా చదివితే నమ్మకం కుదరదు, కళ్లతో చూడాలి. అమ్మ పక్కనుండగా ఒక పచ్చి బంగాళాదుంప ముక్క కోసి, మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు చుక్కలు వేయండి. నురగ బుసబుసా పొంగుతుంది. దుంపలోని కేటలేజ్ అనే ఎంజైము ఆ పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతోందన్నమాట. రేడియేషన్ తగిలిన కణంలో పుట్టేవాటిలో ఈ పెరాక్సైడ్ కూడా ఒకటి. చెర్నోబిల్ అరబిడాప్సిస్ పిల్లమొక్కల్లో పనిచేసే తీరులో తేడా కనిపించిన జన్యువుల్లో ఈ కేటలేజ్‌ది కూడా ఉంది. ఆ తర్వాత ఉడికించిన దుంప మీద కూడా రెండు చుక్కలు వేసి చూడండి. ఏమైందో, ఎందుకలా అయిందో నాకు ఉత్తరం రాయండి. వాట్సాప్ వద్దు, కాగితం మీదే రాయాలి.

మీ
తాతయ్య