నల్లా నీళ్లు, నెల ఖర్చులు, నిద్ర లేని రాత్రులు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ శివారులో ఒక చిన్న క్లినిక్‌లో సైకాలజిస్టుగా పని చేస్తున్నాను. "మనసు బాగాలేదు" అంటూ వచ్చేవాళ్లు తక్కువ. గ్యాస్ అంటారు, గుండె దడ అంటారు, తల బరువు అంటారు. కాసేపు కూర్చున్నాక అద్దె, స్కూల్ ఫీజు, ట్యాంకర్ డబ్బులు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. వాటితో పాటు రోజూ వినపడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నీళ్లు, కరెంటు ఇబ్బందులు అందరికీ ఉన్నవే, అలవాటైపోతాయి.

ఇళ్లల్లో వంట చేసే ఒకావిడ ఆరు నెలలుగా తలనొప్పి అంటూ వచ్చారు (వివరాలు మార్చి రాస్తున్నాను). స్కానింగ్‌లో ఏమీ లేదు. "రాత్రి ఎన్నింటికి పడుకుంటావమ్మా?" అని అడిగాను. వాళ్ల బస్తీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఒకసారి పన్నెండుకి, ఒకసారి మూడింటికి. అందుకని ఆవిడ నల్లా తిప్పి ఉంచి, కింద స్టీలు పళ్లెం పెట్టి పడుకుంటారు. చుక్క పడి టంగుమనగానే లేచి బిందెలు పెట్టాలి. నీళ్లు రాని రాత్రి కూడా చెవి ఆ పళ్లెం మీదే.

నీళ్లు తక్కువైతే మనిషి సర్దుకుంటాడు. ఎప్పుడొస్తాయో తెలియకపోతే మాత్రం ఒళ్లు రాత్రంతా కాపలా కాస్తూనే ఉంటుంది. దానికి అలవాటు పడటమంటూ ఉండదు. నిద్ర తగ్గుతుంది, చిరాకు పెరుగుతుంది, అది పిల్లల మీదికి పోతుంది. ఆవిడ విషయంలో ముందు చేసింది మందు రాయించడం కాదు. ఆ సందులోని నాలుగిళ్లవాళ్లు వంతులు వేసుకున్నారు. ఎవరి వంతు వాళ్లు మేలుకుని మిగతా తలుపులు తడతారు. తలనొప్పి పూర్తిగా పోలేదు, కానీ వంతు లేని రాత్రులు ఆవిడ హాయిగా పడుకుంటున్నారు.

అపోహ: కష్టం డబ్బుది, దానికి కౌన్సెలింగ్ ఏం చేస్తుంది?

అప్పు నేను తీర్చలేను, నిజమే. కానీ నెలల తరబడి టెన్షన్‌లో ఉన్న మనిషికి చిన్న లెక్క కూడా తేలదు. ఒక అప్పు కట్టడానికి లోన్ యాప్‌లో ఇంకో అప్పు చేసేది ఆ స్థితిలోనే. నా దగ్గర చాలాసార్లు సగం సమయం కాగితం మీదే గడుస్తుంది: ఎవరికెంత, ఏది ఆగదు, ఏది ఆగుతుంది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 కంటే ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో స్పష్టంగా చెప్పింది. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే 9 నుంచి సాయంత్రం 6 వరకే. ఈ ఒక్క సంగతి తెలిశాక భుజాలు దిగి ఊపిరి పీల్చుకున్నవాళ్లను చూశాను.

అపోహ: మనసు గట్టిగా ఉంటే ఇవేవీ రావు.

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. ఏ మరణానికీ ఒక్కటే కారణం ఉండదు. అయినా, ఎండలో ఇటుకలు మోసి ఇల్లు నడిపేవాళ్లను బలహీనులని ఎలా అంటాం? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది. వాళ్లకు చికిత్స, పునరావాసం ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది.

అపోహ: మెడికల్ షాపులో ఒక నిద్రమాత్ర తెచ్చుకుంటే చాలు.

జనం ఇలా ఎందుకు చేస్తారో నాకు తెలుసు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం, ఆ తర్వాత డాక్టర్ కోసం లైన్లో నిలబడితే ఒక రోజు కూలీ పోతుంది. ప్రైవేటుకి పోతే జేబు ఖాళీ. 2021-22లో దేశంలో వైద్యానికి అయిన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా చేతి నుంచి పెట్టుకున్నదే. కానీ ఆల్ప్రాజోలం లాంటి మాత్రలు వారాల తరబడి వాడితే అలవాటవుతాయి, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. డిప్రెషన్ మందులు వేరు. వాటికి వ్యసనం ఉండదు, గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వాటినైనా డాక్టర్ని అడగకుండా ఆపకూడదు.

లైన్లో నిలబడే వీలు లేనివాళ్లు 14416కి ఫోన్ చేయవచ్చు. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. రోగం పేరు చెప్పాల్సిన పని లేదు. "నిద్ర పట్టడం లేదు, అప్పుల టెన్షన్" అంటే చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు.